నగర వీథులలో సైకిలు బాట

సైకిలు మన యిండ్లకు కొత్త వస్తువు కాదు. రేడియోకు తపాలా కార్యాలయములో లైసెన్సు తీసికొన్నట్లే, సైకిలుకు పురపాలక సంఘమువద్ద పన్ను కట్టి బిళ్ళ తెచ్చి తగిలించుకొన్న దినములను మన పెద్దలు ఎరుగుదురు. చీకటి పడిన తరువాత దీపము లేకుండ పోయినను, ఒక బండిమీద ఇద్దరు ఎక్కినను పోలీసువారు నిలువరించెడివారు. వీథి మొగలో అద్దె సైకిళ్ళ దుకాణమువాడు గంట లెక్కన బండి ఇచ్చెడివాడు. బడిపంతులుగారు, గుమాస్తాగారు, పాలవాడు, తపాలా జవాను, అందరును ఆ రెండు చక్రముల మీదనే లోకయాత్ర సాగించిరి. నేడు సైకిలుకు పన్ను లేదు, బిళ్ళయు లేదు. అయితే పెద్ద నగరములలో సైకిలు తొక్కువానికి దారి కూడ లేకుండ పోయినది. ఈ దారిని గురించియే ఇప్పుడు కొంత ముచ్చటింపదలచినాము.

ముందుగా ఒక అపోహను తొలగించుకొనవలెను. సైకిలు తొక్కువారు తగ్గిపోయినారనియు, మిగిలినవారు ఉదయము వ్యాయామముకొరకు తొక్కు కొద్దిమందియే అనియు చాలామంది తలంచుచుందురు. మన దేశపు 2011 జనాభా లెక్కలు వేరు మాట చెప్పుచున్నవి. సేద్యము, వ్యవసాయ కూలి, గృహపరిశ్రమ, ఈ మూడును గాక ఇతరములైన పనులు చేయువారు పనిచోటికి ఎట్లు పోవుచున్నారని ఆ లెక్కలలో అడిగినారు. సుమారు 4 కోట్ల 50 లక్షల మంది నడచి పోవుచున్నామనిరి. 2 కోట్ల 60 లక్షలకు పైబడి సైకిలుమీద పోవుచున్నామనిరి. కారులో పోవువారు 54 లక్షలు. అనగా కారువారికంటె నడచువారును సైకిలువారును కలిసి పదమూడు రెట్లు. అప్పటికిని ఇప్పటికిని మోటారు సైకిళ్ళు, కారులు పెరిగిన మాట నిజమే. అయినను తెల్లవారకముందే వార్తాపత్రికలు పంచు కుర్రవాడు, రాత్రి కాపలా ముగించి ఇంటికి పోవు వాచ్‌మన్, క్యారియరుకు తాపీ పనిముట్ల సంచి కట్టుకొని పోవు మేస్త్రీ, వీరెవరును మన వీథులనుండి మాయమైపోలేదు. మనము వారిని చూచుట మానినాము, అంతే.

చూడకపోవుటవలన కలుగు నష్టము చిన్నది కాదు. 2022లో మన దేశపు రోడ్లమీద ప్రమాదములలో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖవారి నివేదిక చెప్పుచున్నది. వారిలో 32,825 మంది కాలినడకను పోవువారు. సైకిలు తొక్కువారు 4,800కు పైగా ఉన్నారు. ఇనుప కవచము లేనివారు, వేగము లేనివారు, ఎవరికిని హాని చేయలేనివారు, రోడ్డుమీద అందరికంటె ఎక్కువ భయముతో పోవలసివచ్చుచున్నది. ఆంధ్రప్రదేశములో 2017 ప్రాంతమున ‘బడికొస్తా’ అను పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచి యిచ్చినారు. మంచి పని. సైకిలు ఇంటికి వచ్చినది. కాని లారీలు, బస్సులు దూసుకొనిపోవు రోడ్డుమీదికి ఆ పిల్లను పంపవలెనా, వద్దా అని తల్లి గుమ్మమువద్ద ఆలోచించుట మానలేదు. సైకిలు ఇచ్చినంత మాత్రమున సరిపోదు. తల్లికి ధైర్యము కలుగునట్టి దారి కూడ ఇవ్వవలెను.

ఇక, సైకిలు బాట అనగా ఏమి? రోడ్డు అంచున తెల్లని గీత గీచి, సైకిలు బొమ్మ వేసినంతలో అది బాట కాజాలదు. గీతకు మోటారును ఆపు శక్తి లేదు. మధ్యాహ్నమునకు ఆ గీతమీద ఆటోలు నిలుచును. సాయంకాలమునకు తోపుడుబండ్లు చేరును. మోటారు వాహనములు చొరబడుటకు వీలులేని విధముగ గట్టుతో గాని, ఎత్తుతో గాని, చెట్ల వరుసతో గాని వేరుచేయబడినదియే నిజమైన సైకిలు బాట. అది కూడలివద్ద తెగిపోకూడదు. ఇల్లు మొదలుకొని బడివరకును, కచేరివరకును, బజారువరకును అతుకు లేకుండ సాగవలెను.

ఈ మాట వినగానే, హాలెండువంటి దేశములలో అట్టివి చెల్లును గాని మనకెట్లు చెల్లునని అనువారు కలరు. హాలెండు వారికైనను అవి పుట్టుకతో రాలేదు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అక్కడను కారులు పెరిగినవి. వీథులు వెడల్పు చేసినారు. సైకిళ్ళు అణగిపోయినవి. 1971 ఒక్క సంవత్సరములో ఆ చిన్న దేశములో రోడ్డు ప్రమాదములవలన 3,300 మంది చనిపోగా, వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. ఆ పిల్లల తల్లిదండ్రులు, ఇరుగుపొరుగువారు వీథులలోనికి వచ్చి, ఈ శిశుహత్య ఆపవలెనని ఉద్యమము లేవదీసినారు. మరి రెండేండ్లకు పెట్రోలు కొరత వచ్చినది. ఈ రెండును కలిసి ప్రభుత్వముచేత సైకిలు బాటలు వేయించినవి. కనుక అది జాతి స్వభావము కాదు, జనులు పట్టుపట్టి సాధించుకొన్న వ్యవస్థ.

హాలెండుకంటె మనకు దగ్గర పోలిక గల నగరము మరియొకటి ఉన్నది. అది స్పెయిను దేశపు దక్షిణ భాగమునందలి సెవిల్. గ్వాదల్కివిర్ నది ఒడ్డున ఉన్న పురాతన నగరము. పదునారవ శతాబ్దములో అమెరికా ఖండములతో స్పెయిను జరిపిన వర్తకమంతయు ఈ రేవుమీదుగనే సాగినది. జనసంఖ్య ఇప్పుడు సుమారు ఏడు లక్షలు. నేల చదును. పాత పట్టణములో సందులు బహు ఇరుకు. ఎండ యన్ననో, మన రెంటచింతలకు, రామగుండమునకు చుట్టమనదగినది. జూలై, ఆగస్టు మాసములలో ఉష్ణము 40 డిగ్రీలు దాటుట అక్కడ వింత కాదు. వేసవిలో నడిబొడ్డునందలి అంగళ్ళ వీథులమీద ఇటు మేడనుండి అటు మేడకు గుడ్డ పందిళ్ళు కట్టుదురు. అవి చూచినచో మనవారికి చలువ పందిళ్ళు జ్ఞప్తికి రాకమానవు.

ఇట్టి నగరములో 2006కు పూర్వము సైకిలు తొక్కువారు లేరనియే చెప్పవచ్చును. నూరు ప్రయాణములు లెక్కించినచో అందులో ఒకటియైనను సైకిలుది కాదు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి చొప్పున మొత్తము పండ్రెండు కిలోమీటర్ల బాట ముక్కలు మాత్రము ఉండెడివి. ఒకదానికి మరియొకదానితో సంబంధము లేదు. అయితే అక్కడ సైకిలు తొక్కువారి సంఘము ఒకటి ఉన్నది. 1987లో ఏర్పడినది. దాని పేరు ‘ఆ కాంత్రామానో’. అనగా ‘ఎదురు త్రోవలో’ అని అర్థము. ఆ పేరులోనే వారి స్థితి తెలియుచున్నది. దాదాపు ఇరువది సంవత్సరములు వారు అర్జీలు పెట్టినారు, ఊరేగింపులు తీసినారు. విశ్వవిద్యాలయములో భౌతిక శాస్త్రాచార్యులైన రికార్డో మార్కెస్ వంటివారు వారిలో ప్రముఖులు.

వారి కోరిక నెరవేరుటకు రాజకీయ పరిస్థితి కలిసివచ్చినది. 2003 ఎన్నికల తరువాత మేయరు ఆల్ఫ్రెడో సాంచెస్ మొంతెసెయిరిన్ గారికి స్వంతముగా పాలించు బలము లేకపోయినది. చిన్న పక్షమొకటి మద్దతు ఇచ్చినది. తమ మద్దతుకు ఆ పక్షమువారు అడిగినవాటిలో సైకిలు బాటలు ఒకటి. పౌరులను విచారింపగా పదిమందిలో తొమ్మిదిమంది బాటలు కావలెననియే చెప్పినారు. సైకిలు తొక్కువారు నూటికొక్కరు లేని ఊరిలో తొంబదిమంది బాటలు కోరుట విచిత్రముగ తోచవచ్చును. కాని ఆలోచించినచో అందు విచిత్రము లేదు. భయము లేనిచో తొక్కుదుమను వారే వారందరును. వంతెన లేని ఏటిని ఈదువారిని లెక్కపెట్టి, వంతెన అక్కరలేదని తేల్చువాడు వివేకి కాడు గదా!

నగర ప్రణాళికా శాఖ ముఖ్యులు హొసే గార్సియా సెబ్రియాన్, బాటల నమూనా సిద్ధపరచిన మనూయెల్ కాల్వో, వీరిద్దరును చేసిన నిర్ణయములలో మొదటిది మిక్కిలి ముఖ్యమైనది. ఏటికి నాలుగైదు కిలోమీటర్ల చొప్పున వేయుచు పోరాదు, ప్రధానమైన వలను ఒక్కుమ్మడిగ వేయవలెను అనునది ఆ నిర్ణయము. ముక్కలు ముక్కలుగ వేసినచో ఏ ముక్కయు ఎవరిని ఎచ్చటికిని చేర్చదు. దానిపై తొక్కువారు ఉండరు. ఎవరును తొక్కుట లేదు కావున మిగిలినది అనవసరమని విమర్శకులు అందురు. పని అంతటితో ఆగును. ఈ ప్రమాదము గుర్తించి, 2006లో పని మొదలుపెట్టి 2007 ముగియునాటికి దాదాపు 80 కిలోమీటర్లు పూర్తిచేసినారు. 2010 నాటికి అది 120 కిలోమీటర్లు అయినది. వ్యతిరేకత కూడగట్టుకొనులోపలనే బాట వాడుకలోనికి వచ్చినది.

రెండవ నిర్ణయము స్థలమును గురించి. నగరములో కొత్తగ నేల పుట్టదు. ఎవరినుండియో తీసికొనవలెను. కాలిబాటనుండి తీసికొన్నచో నడచువారికి అన్యాయము. ఇండ్లు కొట్టి తీసికొనుట అసాధ్యము. వారు కారులు నిలుపు చోటునుండి తీసికొన్నారు. రోడ్డుప్రక్క కారులు నిలుచు సుమారు 5,000 చోట్లు ఇట్లు సైకిలు బాటలో కలిసినవి. నిలిచియున్న కారు కదలదు, ఎవరిని ఎక్కడికిని చేర్చదు. అది ఆక్రమించు రెండున్నర మీటర్ల వెడల్పునే పొడవున కలుపుకొనిపోయినచో రానుపోను సైకిళ్ళకు బాట అమరినది. ఆ బాటను చాలచోట్ల కాలిబాట ఎత్తునకు లేపి, పచ్చని రంగు వేసి, పోవు వాహనములనుండి వేరుచేసినారు. కూడలులవద్ద నడచువారు దాటు చారల ప్రక్కనే సైకిళ్ళు దాటుటకు కూడ గుర్తులు వేసినారు. పచ్చని రంగు ఎచ్చటను తెగకుండ సాగుటచేత ఊరికి కొత్తగ వచ్చినవాడు కూడ దాని వెంట పోవచ్చును.

మూడవది అద్దె సైకిళ్ళు. 2007లోనే ‘సెవీసీ’ అను పేరుతో ఊరంతట సుమారు 250 స్థావరములు, 2,500 సైకిళ్ళు ఏర్పాటు చేసినారు. ఒకచోట తీసికొని మరియొకచోట వదలిపోవచ్చును. చందా కట్టినవారికి మొదటి అర్ధగంటకు వేరుగ రుసుము లేదు. మన వీథిమొగ దుకాణమువాడు చేసిన పనినే పురపాలకులు పెద్ద యెత్తున చేసినారనవచ్చును. సొంత సైకిలు లేనివారు, పెట్టుకొనుటకు ఇంటిలో చోటులేనివారు దీనివలన సైకిలెక్కినారు. తరువాత వారిలో అనేకులు సొంత బండ్లు కొనుక్కొన్నారు.

ఫలితమేమి? దినమునకు ఆరువేల పైచిలుకుగా ఉండిన సైకిలు ప్రయాణములు నాలుగైదు సంవత్సరములలో 70,000 దాటినవి. ఊరిలోని మొత్తము ప్రయాణములలో సైకిలు భాగము నూటికి ఆరుకు చేరువైనది. దీనికైన వ్యయము సుమారు 3 కోట్ల 20 లక్షల యూరోలు. అది పెద్ద మొత్తమే. కాని ఆ ధనముతో మోటారు రహదారి వేసినచో ఐదారు కిలోమీటర్లకంటె ఎక్కువ రాదని వారే లెక్క కట్టినారు. తొక్కువారు పెరిగినకొలది, సైకిలుమీద పోవు ఒక్కొక్కనికి కలుగు ప్రమాదము తగ్గినది. ఇందులో రహస్యము లేదు. పదిమంది పోవు బాటను మోటారు తోలువాడు గుర్తుంచుకొనును. ఒక్కడు పోవు బాటను మరచును.

ఇక్కడ సెవిల్ కథ ముగిసినదని చెప్పినచో సగము సత్యమే చెప్పినట్లగును. 2011 ఎన్నికలలో వేరొక పక్షము అధికారమునకు వచ్చినది. నగరము నడిబొడ్డులోనికి కారుల రాకను అదుపుచేయు ఏర్పాటును రద్దుచేసినారు. బాటల విస్తరణ మందగించినది. సైకిలు వాడుక కూడ తరువాతి రెండు మూడేండ్లలో కొంత తగ్గినది. బాటలు మాత్రము ఎవరును తవ్విపారవేయలేదు. అప్పటికే వేలకొలది జనులు వానిమీద పోవుచున్నారు. పచ్చబాటను తీసివేయుదుమని చెప్పి ఓట్లడుగుట కష్టమైపోయినది. ఆ తరువాతి కాలములో పని మరల సాగి, వల 180 కిలోమీటర్లవరకు పెరిగినది. త్వరగ వేసినందున నిలిచినది. పట్టుదల సడలినందున వాడుక తగ్గినది. ఈ రెండును అదే ఊరు మనకు చూపుచున్నది.

ఎండ సంగతి మరచినామని శ్రోతలు తలంపవద్దు. రోహిణి కార్తెలో సైకిలు తొక్కుటయా అని మీరు అడుగవచ్చును. సెవిల్‌లో కూడ నడివేసవి మిట్టమధ్యాహ్నము తొక్కువారు తగ్గుదురు. కాని సంవత్సరములో అట్టి దినములు ఎన్ని? ఆ దినములందైనను ఉదయము ఎనిమిదిలోపల, సాయంకాలము ఆరు దాటిన తరువాత దారులు తొక్కుటకు అనుకూలమే. నగరములో మనము చేయు ప్రయాణములలో చాలవరకు చిన్నవి. తొందరపడక తొక్కినను ఐదు కిలోమీటర్లకు ఇరువది నిమిషములు చాలును. సెవిల్ వీథులకు ఇరుప్రక్కల నారింజచెట్లు ఉన్నవి. మనకు వేప, కానుగ, రావి ఉన్నవి. అయితే రోడ్డు వెడల్పు చేయునప్పుడు మొదట పడునవి ఆ చెట్లే. చెట్లను నరికివేసి, ఎండచేత సైకిలు తొక్కలేమనుట న్యాయము కాదు. నీడ కూడ బాటలో ఒక భాగమేయని యెంచవలెను. మరియొక మాట. ఎండలో సైకిలు తొక్కువాడు ఎండను కోరి తొక్కుట లేదు. అతనికి వేరు ఉపాయము లేదు. మనము బాట వేసినను వేయకపోయినను అతడు పోవుచునే యున్నాడు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూతము. మనకు విధానములు లేకపోలేదు. రోడ్డులోని స్థలము వాహనములకు గాక మనుష్యులకు పంచబడవలెనని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము చెప్పినది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, నడచువారికి తగిన కాలిబాట ఉండుట రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కులో భాగమని తెలియజేసినది. 2020లో కేంద్ర ప్రభుత్వము సైకిలు ప్రోత్సాహమునకై నగరములమధ్య ఒక పోటీ పెట్టినది. 2021లో అందు నెగ్గిన పదునొకండు నగరములలో మన వరంగల్లు ఒకటి. పెద్ద పెద్ద నగరముల సరసన వరంగల్లు పేరు వినుట మనకు సంతోషకరము. ప్రయోగముగ వేసిన గీతలు శాశ్వతమైన బాటలుగ మారుటయే ఆ బహుమతికి సార్థకత.

హైదరాబాదులో జరిగిన పని అందరికంటె పెద్దది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వెంట ఒక భాగములో సైకిలు బాట వేయుటకు 2022 సెప్టెంబరు 6వ తేదీన శంకుస్థాపన జరిగినది. 2023 అక్టోబరు 1వ తేదీన దానిని ప్రారంభించినారు. రెండు పాయలుగ మొత్తము 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడనుండి పోలీసు అకాడమీ వైపు ఒకటి, నార్సింగినుండి కొల్లూరుకు మరియొకటి. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన సౌర ఫలకములతో కప్పు వేసినారు. ఆ కప్పువలన క్రింద నీడ, పైన 16 మెగావాట్ల విద్యుచ్ఛక్తి. దక్షిణ కొరియాలో రహదారి నడుమ నిర్మించిన ఇట్టి బాటను చూచివచ్చి మన ఇంజనీర్లు దీనిని తలపెట్టినారు. మన ఎండకు సమాధానము ఆ ఎండతోనే చెప్పిన ఈ ఊహ మెచ్చదగినది.

మెచ్చుకొని ఊరకుండుట మాత్రము తగదు. ఈ బాట ఎవరి ఇంటిని ఎవరి పనిచోటితో కలుపుచున్నది? నగరపు అంచున వేగరహదారి ప్రక్కన సాగు బాట వ్యాయామమునకు, వినోదమునకు చక్కగ పనికివచ్చును. ఆ పరిసరములలో పనిచేయువారికి కొంత ప్రయాణమునకును పనికివచ్చును. కాని అఫ్జల్‌గంజిలో మూటలు దించు హమాలీకిని, సనత్‌నగర్ కర్మాగారమునకు పోవు కార్మికునికిని, మెహదీపట్నములో బస్సు దిగి బడికి పోవు బాలికకును అది అందదు. అక్కడికి చేరుటకే వారు కారుల నడుమ పది కిలోమీటర్లు పోవలసియున్నది. సెవిల్ తన మొదటి ధనమును ఊరి నడుమ, జనము పోవు చోట వెచ్చించినది. ఆ భేదమును మన నగరపాలకులు గమనింపవలెను. అంచున వేసిన ఇరువదిమూడు కిలోమీటర్లు మంచి ఆరంభము. నడుమ వేయవలసినవి ఇంకను మిగిలియున్నవి.

నడుమ స్థలమెక్కడిదని అడిగినచో, ఒక్కొక్క ఊరు తన నేలనుబట్టి చెప్పుకొనవలెను. విజయవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమగుండ పారుచున్నవి. కాలువగట్టు వంటి చదునైన, చల్లని, తెగని దారి సైకిలుకు మరియొకటి దొరకదు. ఆ గట్లమీద నివసించు పేదలకు వేరు ఇండ్లు చూపిన తరువాతనే ఆ పని తలపెట్టవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. విశాఖపట్టణములో తెల్లవారుజామున సముద్రతీరపు రోడ్డును వాహనములు రాకుండ మూసి నడచువారికి వదలుచున్నారు. ఆ రెండు గంటల మర్యాదను పగటికి కూడ కొంత విస్తరింపజేయవచ్చును. విశాఖలో మెరకలు, పల్లములు ఉన్నవి. బ్యాటరీ సాయముతో ఎక్కు సైకిళ్ళు వచ్చినందున అవియు మునుపటంత అడ్డంకి కావు. హైదరాబాదులో వెడల్పైన రోడ్ల ప్రక్క కారులు నిలుపు వరుస ఉండనే యున్నది.

అయినను మొదటి పని బడుల చుట్టునే జరుగవలెనని మా అభిప్రాయము. ఒక్కొక్క ఉన్నత పాఠశాలకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరములోనుండి పిల్లలు వచ్చుచుందురు. బడి కేంద్రముగ నాలుగు దిక్కులకు నాలుగు బాటలు వేసినచో, రెండు బడుల బాటలు ఎక్కడో ఒకచోట కలియును. పది బడులవి కలిసినప్పుడు ఊరికి వల ఏర్పడును. పిల్ల క్షేమముగ పోగల బాటమీద తండ్రి పోగలడు, తాత కూడ పోగలడు. పెద్దలకొరకు మాత్రమే వేసిన బాటమీద పిల్లలు పోలేరు.

దీనిలో గృహస్థులు చేయదగినది లేకపోలేదు. మన కారును, స్కూటరును కాలిబాటమీద నిలుపకుండుట మొదటిది. అద్దములోనికి చూడక కారు తలుపు తెరచినందున పడిపోయిన సైకిలువారు ఎందరో కలరు. ఎడమ చేతికి బదులు కుడి చేతితో తలుపు తెరచు అలవాటు చేసికొన్నచో, ఎడమ ప్రక్కన కూర్చున్నవాని ముఖము తనంత తాను వెనుకకు తిరుగును. వెనుక వచ్చువాడు కనబడును. డ్రైవరు సీటులోనివారు ఎడమ చేతిని వాడవలెను. ఇంటిల్లిపాదికిని ఇది నేర్పుటకు ఒక్క నిమిషము చాలును.

రెండవది కొంచెము శ్రమతో కూడినది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అను ఇంజనీర్ల సంస్థ 1962లోనే సైకిలు బాటలను గురించి ఒక నియమావళి ప్రచురించినది. 2015లో దానిని సవరించినారు. గంటకు రెండువందలకు మించి మోటారు వాహనములు పోవు రోడ్డుమీద, రద్దీ వేళ గంటకు నూరు సైకిళ్ళు పోయినను వేరు బాట వేయుట సమంజసమేయని 1962 నాటి ఆ నియమావళి చెప్పినది. నేడు మన పట్టణములలో గంటకు రెండువందల మోటార్లు పోని పెద్ద రోడ్డు ఎచ్చట ఉన్నది? కనుక లెక్కింపవలసినవి సైకిళ్ళు మాత్రమే. మీ వీథి కలియు కూడలివద్ద, ఉదయము బడులు తెరచు వేళ, ఒక కాగితము పట్టుకొని గంటసేపు నిలుచుండుడు. ఇంటిలో చదువుకొను పిల్లలుంటే వారిని కూడ తీసికొనిపొండు. వారికి గణితమునకు గణితము, పౌరశాస్త్రమునకు పౌరశాస్త్రము. పోయిన ప్రతి సైకిలుకు ఒక గీత గీయుడు. ఎవరు పోయినారో, ఎంత వయస్సువారో ప్రక్కన వ్రాయుడు. గీతలు నూరు దాటినచో ఆ కాగితమును మీ వార్డు సభ్యునికిని, పురపాలక ఇంజనీరుకును పంపి, అరువది ఏండ్ల క్రిందనే వ్రాసిపెట్టిన బాట మా కూడలికి ఎప్పుడు వచ్చునని అడుగుడు. నూటికి తక్కువైనచో, ఎంతమంది భయపడి ఇంటనే సైకిలు నిలుపుకొన్నారో ఆ వీథివారిని అడిగి, ఆ సంఖ్యను కూడ దానిక్రింద వ్రాసి పంపుడు.